బీరువా కాకుండా ఇంట్లో నగలు దాచే చోటు సొంతంగా చేసుకోవాలంటే ఎలా?

కొరిటెపాడు కోడలు:

నమస్తే అండీ. మాది గుంటూరు, కొరిటెపాడు వైపు. సొంతిల్లు, కింద మేము, మేడ మీద అద్దెకున్నవాళ్లు. మా వారి ఉద్యోగం హైదరాబాదులో, శని ఆదివారాలే వస్తారు. ఇంట్లో నేను, అత్తయ్య, ఇద్దరు పిల్లలు.

పోయిన నెల మా సందులో రెండిళ్ల అవతల దొంగలు పడ్డారు. వాళ్లు పెళ్లికని తెనాలి వెళ్లారు, ఒక్క రాత్రి ఇంట్లో లేరు, అంతే. పొద్దున్నే నేనూ అత్తయ్యా వెళ్లి చూశాం. బీరువా తలుపు గునపంతో వంచేశారు, అది సరే, ఊహించిందే. నాకు కాళ్లు వణికింది వంటిల్లు చూసి. బియ్యం డబ్బా, కందిపప్పు, మినప్పప్పు, శనగపిండి, అన్నీ నేల మీద బోర్లించారు. పోపుల పెట్టెలో చిన్న గిన్నెలు కూడా వదల్లేదు, అడుగేస్తే ఆవాలు కాళ్ల కింద కరకరమంటున్నాయి. ఆవిడ ఆ పప్పులన్నీ చాటలోకి ఎత్తుకుని ఏడుస్తూనే ఏరుతోంది, ఏరి ఏం చేస్తుందో ఆవిడకే తెలియదు పాపం. అక్కణ్ణుంచి ఇంటికొచ్చాక మా అత్తయ్య నాతో ఒక్క ముక్క మాట్లాడకుండా మా బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఏదో తీసి బొడ్లో దోపుకుంది. ఎనిమిదేళ్లుగా ఆ డబ్బాలో బియ్యం కొలుస్తున్నది నేనే, నాకే తెలియదు.

ఇంట్లో నావీ అత్తయ్యవీ కలిపి పన్నెండు కాసుల దాకా ఉంటుంది. బ్యాంకులో లాకరు అడిగితే ఖాళీ లేదన్నారు. వచ్చే వారం నుంచి కార్పెంటర్ వచ్చి వంటింట్లో కబోర్డులు, వార్డ్‌రోబ్ మొదలుపెడతాడు. ఆయనకి చెప్పి ఒక రహస్య అర పెట్టించుకోవచ్చు గానీ, ఆయనకి తెలిశాక అది రహస్యం ఎలా అవుతుంది? మా వారు కొన్న డ్రిల్ మెషీన్ ఉంది, నాకు వాడటం వచ్చు. నా చేత్తో నేను చేసుకోగలిగేది, రోజూ తియ్యాల్సిన పని లేనిది ఏదైనా ఉంటే చెప్పండి. దయచేసి బియ్యం డబ్బా, పరుపు కింద, దేవుడి పటం వెనక మాత్రం చెప్పకండి.

చెక్కపని పిచ్చోడు:

కార్పెంటర్‌కి చెప్పకూడదనుకున్నారు చూడండి, అక్కడే సగం పని అయిపోయింది. ఆయన మంచివాడే కావచ్చు, కానీ ఆయన దగ్గర కుర్రాళ్లు నెలకొకరు మారతారు, పైగా మీ ఇంట్లో చేసిన అర గురించి ఇంకో ఇంట్లో "ఫలానా వాళ్లకి ఇలా చేశాం మేడం" అని గొప్పగా చెప్పుకుంటారు, అది వాళ్ల వ్యాపారం. అన్నీ మామూలుగా చేయించుకోండి. ఆయన సామాను సర్దుకుని వెళ్లాక మీ పని మొదలుపెట్టండి.

నేను పదేళ్లుగా సరదాకి చెక్కపని చేస్తాను (విజయవాడ, పటమట). నా ఓటు డ్రాయర్ వెనక ఖాళీకి. వంటింటి గట్టు కింద బాక్సు లోతు 22 అంగుళాలు వస్తే, డ్రాయర్‌కి వేసే టెలిస్కోపిక్ చానల్ (డ్రాయర్ ముందుకీ వెనక్కీ జారే పట్టా) 18 గానీ 20 గానీ వేస్తారు. అంటే డ్రాయర్ పూర్తిగా మూసినా దాని వెనక రెండు నుంచి నాలుగు అంగుళాల జాగా ఊరికే పడి ఉంటుంది. ఆ సంగతి ఇంటివాళ్లకే తెలియదు, ఎవరూ కొలవరు. పాతకాలం బల్ల సొరుగులా లాగితే ఊడి చేతికి రాదు కాబట్టి దొంగ లాగుతాడు, లోపలున్నది కెలుకుతాడు, వదిలేస్తాడు.

తీసే పద్ధతి చెబుతా, ఒకటికి రెండుసార్లు ఖాళీ డ్రాయర్‌తో చేసి చూడండి. పూర్తిగా బయటికి లాగండి. రెండు పక్కలా చానల్ మీద నల్లటి ప్లాస్టిక్ లివర్ చిన్నది కనిపిస్తుంది. ఒక పక్కది పైకి లేపాలి, రెండో పక్కది కిందికి నొక్కాలి, రెండూ ఒకేసారి, అలా పట్టుకునే ముందుకు లాగితే డ్రాయర్ మొత్తం ఊడి వచ్చేస్తుంది. ఇప్పుడు లోపల వెనక చెక్కకి పలచటి గుడ్డ సంచి ఒకటి బిగించండి, నగలు బల్లపరుపుగా పట్టేలా రెండు మూడు అరలు కుట్టుకుంటే ఇంకా మంచిది, గాజులు ఒకదాంట్లో, గొలుసులు ఒకదాంట్లో. మరీ పొడుగు స్క్రూలు వాడారంటే అవతలికి పొడుచుకొస్తాయి, అరంగుళంవి చాలు, లేదంటే వెల్క్రో పట్టీ అంటించండి. తిరిగి పెట్టేటప్పుడు రెండు పక్కలా సమానంగా పట్టాలెక్కించి నెమ్మదిగా తొయ్యాలి. ఒక పక్క ముందు, ఒక పక్క వెనక వెళ్లిందా, లోపలి బాల్స్ రాలిపోతాయి, ఇక ఆ చానల్ పారెయ్యడమే. చెంచాల డ్రాయర్ వద్దు, రోజుకి ఇరవైసార్లు తీస్తాం. పాత మూతలూ అట్లపెనాలూ పడేసే డ్రాయర్ ఎంచుకోండి.

వీడియోల్లో అందరూ చూపించేది కబోర్డుల కింద నాలుగంగుళాల స్కర్టింగ్ పలక వెనక. అది వద్దు. వంటిల్లు కడిగినప్పుడల్లా నీళ్లు పోతాయి, బొద్దింకలు సరేసరి. పుస్తకం మధ్యలో కోసి అందులో పెట్టడం అనేది ఇంకోటి, ఇల్లంతా కలిపి ఒకే ఒక్క లావు పుస్తకం ఉంటే దొంగకి మనమే వేలు పెట్టి చూపించినట్టు.

బుడమేరు బాధితుడు:

స్కర్టింగ్ వద్దన్నారుగా, ఎందుకు వద్దో నన్నడగండి. మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1 ఆదివారం. ఊరంతా ప్రకాశం బ్యారేజీ వైపు చూస్తోంది, అక్కడ లక్షల క్యూసెక్కులు వస్తున్నాయని టీవీల్లో ఒకటే గోల, మా మీదికి మాత్రం బుడమేరు వాగు వచ్చింది. మొదట వాకిట్లో మడమల దాకా ఉంది, ఆ తర్వాత చూస్తే సోఫా తేలుతోంది. పిల్లలు, ఫోన్లు, అమ్మ మందుల కవరు, ఇవే చేతికందాయి, మేడ మీదికెళ్లిపోయాం, మర్నాడు పడవలో బయటపడ్డాం.

నేనూ తెలివైనవాణ్ణే అనుకుని మంచం బాక్సు అడుగున ఇంకో ప్లైవుడ్ పలక వేసి దాని కింద దాచాను. తొమ్మిది రోజుల తర్వాత ఇంట్లోకి వెళితే ఆ పలక ఉబ్బి బిగుసుకుపోయింది, సుత్తి పెట్టి పగలగొట్టాల్సి వచ్చింది. బురదలోంచి తీసిన బంగారానికి ఏమీ కాలేదు, కుంకుడు రసంలో వేసి పాత బ్రష్‌తో రుద్దితే శుభ్రంగా వచ్చేసింది. పోయినవి కాగితాలు, నోట్లు. ఇంటి దస్తావేజు అట్టముక్కలా తయారైంది, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకున్నాం. నోట్లు ఒకదానికొకటి అంటుకుపోతే నీడలో ఆరబెట్టి ఒక్కొక్కటే విడదీశాం, విడదీసేటప్పుడే కొన్ని చిరిగాయి. 50 రూపాయలు, ఆ పైన నోట్లకి రిజర్వ్ బ్యాంకు లెక్క ఏంటంటే, మిగిలిన ముక్కల్లో అన్నిటికంటే పెద్దది అసలు నోటులో 80 శాతానికి మించి ఉంటే పూర్తి డబ్బు, 40 నుంచి 80 మధ్య ఉంటే సగం, అంతకన్నా తక్కువైతే సున్నా. బ్యాంకులో మారుస్తారు, కాకపోతే ఓపిక కావాలి.

మీది గుంటూరు, మీకు బుడమేరు లేదు, నిజమే. అయినా వానాకాలం డ్రైనేజీ ఎదురుతన్నే ఇళ్లు మీ ఊళ్లోనూ ఉన్నాయి. నడుము ఎత్తు కన్నా కింద ఏదీ పెట్టకండి. నేను ఇప్పుడు కిటికీ మీద కర్టెన్ రాడ్‌ని కప్పే చెక్కపెట్టె ఉంటుంది చూడండి, దాని లోపలి పక్కన... సరే, ఇంతకన్నా రాయను.

మిర్చి బాబాయ్:

మా నాన్నగారు మిర్చి యార్డులో సరుకు అమ్మిన డబ్బు తెచ్చి ఎండు మిరపకాయల బస్తాలోనే దాచేవారు. దొంగ కాదు కదా ఎలక కూడా ముట్టుకునేది కాదు. చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే ఆయనకి నాలిక మీద వేలు తడుపుకుని నోట్లు లెక్కపెట్టే అలవాటు. వందో నోటు దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పేది, కళ్లు తుడుచుకునేవారు, అప్పుడు అసలు సినిమా మొదలయ్యేది. అమ్మ మజ్జిగ చెంబు పట్టుకుని పక్కనే నిలబడేది.

కొరిటెపాడు కోడలు:

బాబాయ్ గారూ, నవ్వి నవ్వి పిల్లల్ని లేపేశాను.

డ్రాయర్ సంగతి నచ్చింది. మా పాత కంప్యూటర్ బల్లకి ఇలాంటి చానలే ఉంది, ఇప్పుడే తీసి చూశా, మూడోసారికి వచ్చింది. ఎత్తు విషయం కూడా నిజమే, నాకు తట్టలేదు. మరి అటక మీద పాత సామాన్లలో పెడితే ఎలా ఉంటుంది? పాడైపోయిన మిక్సీ, స్టెబిలైజర్ లాంటివి ఉన్నాయి, స్టెబిలైజర్ లోపల అంతా ఖాళీ చేస్తే బోలెడు చోటు వస్తుంది.

సత్యనారాయణపురం పిన్ని:

వద్దమ్మా వద్దు. పనికిరాని వస్తువులో పనికొచ్చేది పెట్టకు. ఆ వస్తువు పనికిరాదనే కదా ఇంట్లో అందరూ అనుకుంటారు, ఏదో ఒక రోజు పారేస్తారు. పాత సామాన్లవాడు గేటు దగ్గర అరుస్తుంటే, నువ్వు స్నానానికి వెళ్లిన టైములో మీ అత్తయ్య ఆ స్టెబిలైజర్ ఇచ్చి ప్లాస్టిక్ బకెట్ తీసుకుంటుంది, ఎవర్ని తిడతావు?

మా ఇంట్లో జరిగింది చెబుతా విను. మా మామగారిది చెక్కపెట్టె రేడియో ఒకటి ఉండేది, ఎప్పుడో మూగబోయింది. వెనక అట్ట నాలుగు స్క్రూలతో ఊడుతుంది. మా అత్తగారు దాని లోపల తన రెండుపేటల గొలుసు, ఒక కెంపుల ఉంగరం పాత జాకెట్టు గుడ్డలో చుట్టి పెట్టుకున్నారు. మామగారికి కూడా చెప్పలేదు. సంక్రాంతి వచ్చింది. భోగి నాడు తెల్లవారుజామున వీధిలో కుర్రాళ్లంతా పాత కుర్చీలు, తట్టలు, విరిగిన మంచప్పట్టెలు తెచ్చి మంటలో వేస్తుంటే మా వాడు ఉత్సాహంగా ఆ రేడియో ఎత్తుకెళ్లి వేసేశాడు. పదేళ్లవాడు, వాడి తప్పేముంది. అత్తగారు కాఫీ పెట్టుకుని అరుగు మీదికొచ్చి చూసేసరికి రేడియో గుండీలు కరిగి కారుతున్నాయి. ఆవిడ కేక విని వీధి వీధంతా బయటికొచ్చింది. పండగ పూట, అదీ భోగిమంట మీద నీళ్లు పొయ్యకూడదని ఒకళ్లు, పొయ్యమని ఒకళ్లు. చివరికి నేనే రెండు బకెట్లు పోశాను. ఆ బూడిద అంతా పిండి జల్లెడతో జల్లించాం. ఆ జల్లెడ మళ్లీ పిండికి పనికిరాలేదు అనుకో. గొలుసు నల్లగా బొగ్గులా దొరికింది, అక్కడక్కడా లింకులు అతుక్కుపోయాయి. కంసాలి తూచి బరువు ఏమీ తగ్గలేదమ్మా అన్నాక గానీ ఆవిడ మంచినీళ్లు ముట్టలేదు. కెంపులు మాత్రం పగిలిపోయాయి.

ఇంకోటి, దాచేది దాచుకో గానీ బీరువాని ఉత్తగా పెట్టకు. ఏమీ దొరక్కపోతే వాళ్లు కోపంతో ఇల్లంతా పీకుతారు. చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ గాజులు ఒక జత, హారం ఒకటి, కొంచెం డబ్బు బీరువా లాకర్లో ఉంచు. మచిలీపట్నం వాళ్ల పనితనానికి మీ బంధువులే తేడా పట్టలేరు, చీకట్లో టార్చి పట్టుకున్నవాడేం పడతాడు. వెండి సామానుకి రబ్బరు బ్యాండు వెయ్యకు. రబ్బరులో గంధకం ఉంటుంది, వెండి దానికి తగిలినంత మేరా నల్లచార పడుతుంది.

రిటైర్డ్ బ్యాంకు మనిషి:

లాకరు ఖాళీ లేదని నోటిమాటగా పంపించేస్తే ఊరుకోకండి. రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో ఇచ్చిన నిబంధనలు 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి, వాటి ప్రకారం దరఖాస్తు తీసుకుని మీకు వెయిటింగ్ లిస్టు నంబరు ఇవ్వాలి. రాసిచ్చి నంబరు అడగండి.

లాకరు ఉంటే చాలు ఇక నిశ్చింత అనుకునేవాళ్లకి ఇంకో మాట. దొంగతనం, అగ్నిప్రమాదం, భవనం కూలడం, సిబ్బంది మోసం లాంటి వాటిల్లో బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకి వంద రెట్ల వరకే. అద్దె రెండు వేలైతే రెండు లక్షలు. ఇవాళ్టి కాసు ధర చూసి పన్నెండు కాసులకి లెక్క మీరే వేసుకోండి. వరద, భూకంపం లాంటివైతే, బ్యాంకు తప్పు లేనంత వరకు ఆ బాధ్యత కూడా ఉండదు. నోట్ల కట్టలు లాకర్లో పెట్టకూడదు, ఒప్పందంలోనే ఉంటుంది. ఇంట్లో ట్రంకు పెట్టెలో పెట్టుకున్నా ఇబ్బందే, 2021లో మన మైలవరంలోనే ఇల్లు కట్టుకుందామని ఒకాయన పెట్టెలో దాచుకున్న లక్షలు చెదలు తినేశాయి, పేపర్లలో ఫొటోలు చూసే ఉంటారు. అందుకని నగదు ఖాతాలో, నగలు సగం లాకర్లో, రోజూ వాడేవి ఇంట్లో. నగల బిల్లులూ ఫొటోలూ వేరే చోట ఉంచండి, పోలీసు కంప్లయింటుకైనా ఇన్సూరెన్సుకైనా అవే అడుగుతారు.

ఊరెళ్లేముందు మన రాష్ట్ర పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) యాప్‌లో నమోదు చేస్తే, తాళం వేసిన ఇంట్లో వాళ్లే కెమెరా పెట్టి చూసుకునే ఏర్పాటు ఉంది, డబ్బులేమీ తీసుకోరు. మీ స్టేషన్లో కనుక్కోండి.

బ్రాడీపేట మాస్టారు:

అందరూ ఎక్కడ దాచాలో చెప్పారు. అమ్మాయ్, ఎవరికి చెబుతావో కూడా ఇప్పుడే అనుకో.

మా నాన్నగారికి 2014లో పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది, కుడిచెయ్యి పడిపోయింది. ఎడమచెయ్యి వేలు పైకెత్తి ఫ్యాను చూపించేవారు. ఉక్కపోస్తోందేమోనని స్పీడు పెంచేవాళ్లం. తల అడ్డంగా ఊపేవారు. చలేస్తోందేమోనని ఆపేసేవాళ్లం. దానికీ తల ఊపేవారు. మా ఆవిడ దుప్పటి కప్పేది, నేను తీసేవాణ్ణి. దాదాపు రెండు నెలలు రోజూ ఇదే, ఆయనకి విసుగొచ్చి కళ్లు మూసుకునేదాకా. ఆ తర్వాత ఆయన పోయారు.

2018లో ఆ గదికి కొత్త ఫ్యాను వేయిద్దామని ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. కప్పుకి ఆనుకుని రాడ్ మీద ప్లాస్టిక్ గిన్నెలాంటి మూత ఉంటుంది కదా, దాని స్క్రూ వదులు చేసి కిందికి జార్చాడు, "మాస్టారూ, ఇదేదో మూట" అన్నాడు. అమ్మ ముక్కుపుడక, రెండు ఉంగరాలు, ఆరు వెయ్యి రూపాయల నోట్లు. వెయ్యి నోట్లు అప్పటికి రెండేళ్ల కిందటే రద్దయిపోయాయి, 2016 నవంబరు 8న. ఆ ఆరూ నా దగ్గరే ఉన్నాయి.

నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆ కుర్రాడు ఫ్యాను బిగించి, డబ్బులు రేపు తీసుకుంటానని చెప్పి వెళ్లిపోయాడు.

మీ అత్తగారికి, నీకు, మీ ఆయనకి, ముగ్గురికీ తెలియాలి. కాగితం మీద రాస్తే చోటు పేరు పెట్టి రాయకు, మీ ముగ్గురికే అర్థమయ్యేలా రాసుకో. అన్నట్టు ఫ్యాను మూతలో ఎవరూ పెట్టకండి, అక్కడ కరెంటు వైర్లుంటాయి.

కొరిటెపాడు కోడలు:

మాస్టారు గారూ, మీరు రాసింది అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి వెళ్లి, బొడ్లోంచి తీసిన మూట కాక ఇంకో రెండు చోట్లనుంచి రెండు చిన్న మూటలు తెచ్చి మంచం మీద పెట్టింది. పన్నెండు కాసులు అనుకున్నాను, పధ్నాలుగున్నర తేలింది. ఒకదాంట్లో రెండు వేల నోట్లు నాలుగు ఉన్నాయి. ఇవి ఇప్పుడు చెల్లుతాయా?

లాకరుకి రాసిచ్చాను, నంబరు ఇచ్చారు. కార్పెంటర్ పని అయిపోయింది, ఒక డ్రాయర్‌కి 18 అంగుళాల చానలే చాలని నేనే పట్టుబట్టాను, ఎందుకని అడిగాడు, ధర తగ్గుతుందని చెప్పాను. గట్టు కింద అడుగు వరసలో కాదు, పై వరసలో. మా వారికి ఫోనులో చెప్పలేదు, శనివారం వచ్చాక చేత్తో తీయించి చూపించాను. చూపించేటప్పుడు ఆయన ఎడం పక్క లివర్ విరగ్గొట్టారు. ఇప్పుడు డ్రాయర్ ఊడి రావట్లేదు, గాజులన్నీ లోపలే ఉన్నాయి, వచ్చే గురువారం పెళ్లి ఉంది.

రిటైర్డ్ బ్యాంకు మనిషి:

రెండు వేల నోటు రద్దు కాలేదమ్మా, వెనక్కి తీసుకున్నారు అంతే. మామూలు బ్యాంకులు 2023 అక్టోబరు 7 తర్వాత తీసుకోవడం ఆపేశాయి. హైదరాబాదులోని రిజర్వ్ బ్యాంకు ఆఫీసులో ఇవ్వచ్చు, లేదా పోస్టాఫీసు ద్వారా పంపితే మీ ఖాతాలో వేస్తారు. మీ వారు అక్కడే ఉంటారు కదా, గుర్తింపు కార్డు, ఖాతా వివరాలు ఇచ్చి పంపండి.

చెక్కపని పిచ్చోడు:

కంగారు పడకండి. లివర్ విరిగితే లోపల దాని మొదలు మిగిలి ఉంటుంది, సన్నటి స్క్రూడ్రైవర్ మొన దూర్చి అదే వైపుకి నొక్కి పట్టుకోండి, రెండో పక్కది ఇంకొకళ్లని పట్టుకోమనండి. అత్తయ్యగారైతే మంచిది, మీ వారు వద్దు. కొత్త చానల్ ఒక్కటే అడిగితే ఇవ్వరు, జతే కొనాలి. పాతది ఊడదీసి కొలతకి పట్టుకెళ్లండి, గాజులు తీసుకున్నాక.